చేయి కలిసినా మనసు కలవకుండా

(మాస్టారి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



మాస్టారి పేరు మీద జరిగే ఈ సభలో చదువు గురించో, ఉపదేశి సేవ గురించో మాట్లాడటం రివాజు. ఈసారి ఓటు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏ పార్టీ పేరూ ఎత్తనని మాటిచ్చాక ఒప్పుకున్నారు. ఆ మాట ఇక్కడి పార్టీలకే గాని అమెరికా పార్టీలకు వర్తించదని నా నమ్మకం. మాస్టారికి ఈ విషయం పరాయిది కాదు. ఎయిడెడ్ బడి హెడ్మాస్టరుగా ఎన్నికల డ్యూటీ పడితే ప్రిసైడింగ్ ఆఫీసరుగా వెళ్ళేవారు, ఆదివారం గుడిలో ఉపదేశం చెప్పేవారు. ఓటు వేయించడమూ ఆయన పనే, మనస్సాక్షి అంటే ఏమిటో పిల్లలకు చెప్పడమూ ఆయన పనే.

2024 సెప్టెంబరు 13న సింగపూర్ నుంచి రోముకు తిరిగి వెళుతున్న విమానంలో విలేఖరులు పోపు ఫ్రాన్సిస్‌ను అడిగారు: గర్భస్రావ హక్కును సమర్థించే కమలా హారిస్ ఒకవైపు, వలస వచ్చినవాళ్ళను లక్షల్లో పంపేస్తానంటున్న డొనాల్డ్ ట్రంప్ మరోవైపు ఉంటే కతోలిక ఓటరు ఏం చేయాలి? ఇద్దరూ జీవానికి వ్యతిరేకులేనన్నారాయన. వలస వచ్చినవాణ్ణి గెంటేయడమూ పాపమే, కడుపులో బిడ్డను చంపడమూ పాపమే. ఓటు మాత్రం వేయాలి, రెండు చెడుల్లో చిన్నదాన్ని ఎంచుకోవాలి, ఏది చిన్నదో ఎవరి మనస్సాక్షిని వాళ్ళు అడిగి తేల్చుకోవాలి. అంతటితో ఆపేశారు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు చాలామందికి ఆ ఎన్నిక నిజమైన చిక్కు తెచ్చిపెట్టింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు, కొన్నిచోట్ల విచారణ (పారిష్) గురువు కూడా మన తెలుగు ఫాదరే. ఇంటికి ఫోన్ చేస్తే సంభాషణ అక్కడికే వచ్చేది. చిన్న చెడు అంటే ఏది, దేనితో కొలవాలి? పోపుగారు తప్పించుకున్నారని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. తప్పించుకోలేదని నేననుకుంటాను. శ్రీసభ మూడు నాలుగు వందల ఏళ్ళు తర్కించి తేల్చుకున్నదాన్ని ఆయన విమానంలో నాలుగు ముక్కల్లో చెప్పారు. నాలుగు ముక్కల్లో చెబితే అసలు ముడి ఎక్కడుందో కనపడదు.

ఆ ముడి ఓటు దగ్గర పడింది కాదు. సామాన్యుడికి ఓటన్నదే లేని కాలంలో, ఒక నౌకరు విషయంలో పడింది. 17వ శతాబ్దంలో పాపసంకీర్తనం వినే గురువుల కోసం రాసిన పుస్తకాల్లో ఈ చిక్కు చర్చకొచ్చేది. యజమాని రాత్రిపూట ఒక ఇంటి కిటికీ ఎక్కి లోపలున్న ఆడపిల్లను చెరచబోతున్నాడు. ఎక్కడానికి నౌకరు భుజమిచ్చాడు, నిచ్చెన మోశాడు, తలుపు తీశాడు. వాడి పాపమెంత? కొందరు పండితులు ఉదారంగా తీర్పు చెప్పారు. యజమాని కొడతాడనో, గుడ్లురుముతాడనో, పనిలోంచి తీసేస్తాడనో భయపడి చేస్తే అది చావైన పాపం కాదన్నారు. 1679లో 11వ ఇన్నొసెంట్ పోపు ఖండించిన 65 ప్రతిపాదనల్లో ఇదీ ఒకటి.

ఆ భయాల జాబితాలో గుడ్లురమడం కూడా ఉండటం నన్ను ఎప్పుడూ ఆపుతుంది. దెబ్బలు సరే, ఉద్యోగం పోవడం సరే. యజమాని చూపు మారుతుందన్న భయం కూడా ఒక కారణమేనని రాసిన పండితుడు మనిషిని బాగా ఎరిగినవాడే. ఇవాళ ఓటు విషయంలో మనల్ని నడిపేది చాలావరకు ఆ భయమే కదా. మనవాళ్ళేమంటారు? కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరు మొహం తిప్పుకుంటారు? అమెరికాలోనూ అంతే, ఒక్కో విచారణలో ఒక్కో పార్టీ గాలి వీస్తుంది, గాలికి ఎదురెళ్ళినవాడికి పూజయ్యాక కాఫీ దగ్గర పలకరింపులు తగ్గుతాయి.

ఆ మరుసటి శతాబ్దంలో ఈ చర్చను ఒక కొలిక్కి తెచ్చినవాడు నేపుల్స్‌కు చెందిన పునీత అల్ఫోన్సస్ లిగోరి. ఆయన మొదట లాయరు. 1723లో ఒక పెద్ద కేసు ఓడిపోయి కోర్టు వదిలి గురువయ్యాడు. లాయరు బుద్ధి మాత్రం వదల్లేదు, మన అదృష్టం. ఇంకొకడి చెడ్డపనిలో రెండు రకాలుగా పాలుపంచుకోవచ్చన్నాడు. వాడి చెడ్డ కోరికలోనే మనసు కలపడం ఒకటి, అది ఏ పరిస్థితిలోనూ కూడదు. మనసు కలపకుండా, మన పని వాడి పనికి ఎక్కడో ఒకచోట ఉపయోగపడటం రెండోది. అది కూడా ఊరికే ఒప్పు కాదు. మన చేయి ఆ చెడుకు ఎంత దగ్గరగా ఉంది, అలా చేయడానికి ఉన్న కారణం జరిగే నష్టంతో తూగుతుందా అన్నవి చూడాలి.

నౌకరు విషయంలో ఉదారంగా తీర్పు చెప్పినవాళ్ళు ఇక్కడే తప్పారని నా లెక్క. వాళ్ళు నౌకరు భయాన్నే తూచారు. ఎదుటి పళ్ళెంలో ఉండాల్సింది లోపలున్న పిల్ల. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే, కానీ ఆమె బతుకుతో అది తూగదు. నష్టపోయేవాడి వైపు నుంచి తూచాలన్న ఈ సంగతి తర్వాతి ఎన్నికల చర్చల్లో తరచు జారిపోతుంది. అభ్యర్థుల్ని పోల్చేవాడు నాకు మచ్చ అంటుతుందా లేదా అన్నచోటే ఆగిపోతాడు.

ఇక 2004 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికకు వస్తాను. డెమొక్రాట్ అభ్యర్థి జాన్ కెర్రీ స్వయంగా కతోలికుడు, గర్భస్రావ హక్కుకు మద్దతుదారు. ఆయనకు దివ్యసత్ప్రసాదం ఇవ్వనని సెయింట్ లూయిస్ అగ్రపీఠాధిపతి రేమండ్ బర్క్ ప్రకటించారు. ఎదురుగా జార్జి బుష్. ముందు ఏడాదే ఇరాక్ మీద యుద్ధానికి దిగాడు. ఆ యుద్ధం వద్దని రెండవ జాన్ పాల్ పోపు ఒక కార్డినల్‌ను వాషింగ్టన్ పంపి మరీ చెప్పించినా వినలేదు. ఆ వేసవిలో కార్డినల్ జోసెఫ్ రాట్జింగర్ అమెరికా బిషప్పుల కోసం పంపిన చిన్న పత్రం ఒకటి ఇటలీ పత్రిక ద్వారా బయటికొచ్చింది. మరుసటి ఏడాది ఆయనే 16వ బెనెడిక్ట్ పోపు. పత్రం చివర ఒక గమనిక ఉంది. గర్భస్రావాన్ని సమర్థిస్తున్నాడనే కారణంతోనే ఒక అభ్యర్థికి ఓటేసిన కతోలికుడు ఆ చెడులో మనసు కలిపినవాడే. ఆ వైఖరి తనకు ఒప్పుదల కాకపోయినా వేరే కారణాలతో ఓటేసినవాడి పాత్ర దూరపుది, తగినంత బరువైన కారణాలుంటే అది సమ్మతమే.

కెర్రీ అంటే పడనివాళ్ళు గమనికలో మొదటి సగం పట్టుకున్నారు, ఆయన మద్దతుదారులు రెండో సగం పట్టుకున్నారు. రెండు సగాలూ కలిపి చదివినవాళ్ళు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. కతోలికుల ఓట్లలో నూటికి 52 బుష్‌కు, 47 కెర్రీకి పడ్డాయని ఎగ్జిట్ పోల్స్ లెక్క.

అల్ఫోన్సస్ నుంచి రాట్జింగర్ దాకా ఆలోచన ఒకటే. అమెరికా బిషప్పులు 2007లో విశ్వాసుల పౌరబాధ్యత మీద తెచ్చి, ఆ తర్వాత ప్రతి అధ్యక్ష ఎన్నికకూ మళ్ళీ ముందుకు తెస్తున్న పత్రంలోనూ అదే కనపడుతుంది. పోటీలో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక ఘోరమైన చెడును సమర్థిస్తుంటే ఓటరు ఎవరికీ వేయకుండా ఉండిపోవచ్చునని, అది అసాధారణమైన అడుగని ఆ పత్రం చెబుతుంది. లేదా బాగా ఆలోచించి, ఆ చెడును ముందుకు తీసుకుపోయే అవకాశం తక్కువ ఉండి ఇతర మంచి పనులు చేసే అవకాశం ఎక్కువ ఉన్నవాడికి వేయవచ్చు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి. మొదటి దారిని గట్టిగా ఎంచుకున్నవాడు నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ తాత్వికుడు అలస్‌డేర్ మెకింటైర్. 2004లో ఆయన ఒక చిన్న వ్యాసంలో ఇద్దరికీ వేయనన్నాడు. బిడ్డ పుట్టాలని కోరేవాళ్ళు పుట్టిన బిడ్డకు తిండి, తండ్రికి గిట్టుబాటయ్యే పని కూడా కోరాలి. ఆ రెండింటినీ విడగొట్టి చెరో ముక్క పట్టుకున్న రెండు పార్టీల మధ్య ఎంచుకోమనే ఏర్పాటునే కాదనాలి, అలా కాదనడమే ఓటు వేయకపోవడం అన్నది ఆయన వాదన.

నాకు మెకింటైర్ మీద గౌరవం. కానీ ఓటు మానేయడం ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే ఇటలీ వెళ్ళాలి. అక్కడ దీన్ని ఒక వ్యాసంలో కాక ఒక దేశం మొత్తం మీద యాభై ఏళ్ళు పరీక్షించి చూశారు.

1861లో ఇటలీ ఒక రాజ్యమైంది. పోపు చేతిలోని భూభాగం చాలావరకు అప్పటికే పోయింది, 1870లో రోము కూడా పోయింది. లాక్కున్న రాజ్యపు పార్లమెంటుకు ఓటు వేయడమంటే లాక్కోవడాన్ని ఒప్పుకోవడమేనన్న భావం బలపడింది. ఓటు వేయవచ్చా అన్న ప్రశ్నకు, రోము పోకముందే, 1868లోనే పోపు పక్షం నుంచి సమాధానం వచ్చింది: కతోలికులు పార్లమెంటు ఎన్నికల్లో పాల్గొనడం తగదు. ఓటూ వేయకూడదు, నిలబడనూ కూడదు. తొలిరోజుల్లో జనాభాలో నూటికి ఇద్దరికి మించి ఓటు లేదు కాబట్టి దీని బరువు వెంటనే తెలియలేదు. ఓటు హక్కు విస్తరించేకొద్దీ తెలిసింది.

వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా చెప్పాలి. మున్సిపల్ ఎన్నికలకు నిషేధం లేదు. పల్లెల్లో రుణసంఘాలు పెట్టారు, సహకార సంఘాలు పెట్టారు, పత్రికలు నడిపారు. 1891లో 13వ లియో పోపు కార్మికుల గురించిన విశ్వలేఖ వెలువరించాక ఆ పనికి ఊపొచ్చింది. సిసిలీలో లూయీజి స్తూర్జో అనే గురువు తన ఊరు కాల్తజిరోనెకు 1905 నుంచి 15 ఏళ్ళు మేయరు బాధ్యతలు చూశాడు. రోడ్లు, పన్నులు, కౌలుదార్ల గొడవలు అన్నీ చేతిమీదుగా తెలిసినవాడు. ఓటు మానేసిన కతోలికుడు బయట ఇంత పని చేస్తుంటే ఆ మానేయడానికి ఒక విలువుంది. ఓటు మానేసి ఇంట్లో కూర్చుని ఫేస్‌బుక్‌లో రెండు పార్టీలనూ తిట్టేవాడు కూడా ఆ విలువ తనదే అనుకుంటే నవ్వొస్తుంది.

అయినా నష్టం జరిగింది. నిషేధాన్ని 1905లో కొంత సడలించారు. 1913లో కతోలికులు కొన్ని షరతులకు ఒప్పుకున్న లిబరల్ అభ్యర్థులకు ఓట్లు వేశారు. షరతుల మీద సంతకం పెట్టి గెలిచినవాళ్ళలో కొందరు తర్వాత అదేమీ లేదన్నారు. 1919లో నిషేధం పూర్తిగా పోయింది. అదే ఏడాది స్తూర్జో పెట్టిన పార్టీ ఒక్కసారిగా 100 స్థానాలు గెలిచింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. సోషలిస్టులతో గాని లిబరల్స్‌తో గాని నిలకడగా కలిసి పనిచేసే అలవాటు ఆ పార్టీకి రాకముందే, మూడేళ్ళకు ముస్సోలినీ వచ్చాడు. 1924లో స్తూర్జో లండన్‌కు ప్రవాసం వెళ్ళాడు. ఫాసిజానికి కారణం కతోలికులు ఓటు మానేయడమేనని ఏ చరిత్రకారుడూ అనడు, నేనూ అనను. అయితే పార్లమెంటులో బేరమాడటం, ఎదుటివాడిని కలుపుకోవడం, ఓడి మళ్ళీ రావడం కూర్చుని చదివితే వచ్చే విద్యలు కావు. యాభై ఏళ్ళు పక్కనున్నవాళ్ళకు అవి నేర్చుకునే సమయం మిగల్లేదు.

మచ్చ ఉన్న అభ్యర్థికి ఓటేయాల్సిన పరిస్థితికి ఒక స్పష్టమైన ఉదాహరణ కూడా ఉంది. 1991లో కతోలికులు పెద్దసంఖ్యలో ఉన్న లూసియానా రాష్ట్రంలో గవర్నరు పదవికి తుదిపోరు జరిగింది. ఒకవైపు అవినీతి ఆరోపణలతో మునిగివున్న ఎడ్విన్ ఎడ్వర్డ్స్, మరోవైపు తెల్లజాతి ఆధిపత్యం చాటే కూ క్లక్స్ క్లాన్‌కు ఒకప్పుడు నాయకుడైన డేవిడ్ డ్యూక్. దొంగకే ఓటేయండి, అవసరం అలాంటిది అన్న అర్థంతో కార్లకు స్టిక్కర్లు వెలిశాయి. ఎడ్వర్డ్స్ 61 శాతం ఓట్లతో గెలిచాడు, తర్వాత అవినీతి కేసులో జైలుకూ వెళ్ళాడు. ఆ స్టిక్కరు నాకు ఇష్టం. తాను ఓటేస్తున్నవాడు ఎలాంటివాడో అది దాచలేదు.

ఇక్కడే నేను చెప్పదలచిన అసలు సంగతి ఉంది. ఎవరూ నచ్చని ఎన్నికలో ప్రమాదం ఓటు వేసే నిమిషంలో కన్నా, వేశాక గడిచే నాలుగైదేళ్ళలో ఎక్కువ. చేయి మాత్రమే కలిసిన చోట మెల్లగా మనసు కూడా కలుస్తుంది. వేసేనాడు, ఇతని ఫలానా పని చెడ్డదే అయినా తప్పడం లేదు అనుకున్నవాడు ఆర్నెల్లకు, అది మరీ అంత చెడ్డదేం కాదులే అంటాడు. రెండేళ్ళకు, అసలు అదే మంచిదని వాదిస్తాడు. రాట్జింగర్ గమనికలో రెండో సగం కింద వేసిన ఓటు ఇలా మొదటి సగంలోకి జారిపోతుంది. ఓటరు ఎప్పుడు జారాడో ఓటరుకే తెలియదు.

ఇది రెండు వైపులా జరిగింది. న్యూయార్క్ గవర్నరు మారియో కువోమో నోటర్ డేమ్‌లో చేసిన ప్రసిద్ధ ప్రసంగం తేదీ 1984 సెప్టెంబరు 13. పోపు ఫ్రాన్సిస్ విమానంలో మాట్లాడింది సరిగ్గా నలభై ఏళ్ళ తర్వాత అదే రోజున! గర్భస్రావాన్ని శ్రీసభ బోధన ప్రకారం వ్యక్తిగతంగా తాను ఒప్పుకోనని, అయినా అందరి మీదా దాన్ని చట్టంగా రుద్దలేనని కువోమో వాదించాడు. ఆ వాదన సరైనదా కాదా అన్నది వేరే సంగతి. అందులో కనీసం ఒక ఇబ్బంది ఉంది, మనిషి నలిగిన జాడ ఉంది. తర్వాతి దశాబ్దాల్లో ఆయన డెమొక్రాట్ పార్టీలోని కతోలిక నాయకుల నోట ఆ ఇబ్బంది పలచబడుతూ వచ్చింది. వాళ్ళకు ఓటేసిన కతోలికుల్లోనూ అంతే.

అటువైపు చూస్తే, గర్భస్రావాన్ని ఆపుతాడన్న కారణంతో 2016లో ట్రంప్‌కు వేసినవాళ్ళున్నారు. 2018లో పోపు ఫ్రాన్సిస్ సత్యోపదేశాన్ని సవరించి మరణశిక్ష ఇక సమ్మతం కాదని రాయించారు. 2020 జులై నుంచి 2021 జనవరి వరకు ట్రంప్ ప్రభుత్వం 13 మందికి మరణశిక్ష అమలు చేసింది. ఆ ఓటర్లలో ఎందరు తమ పార్టీ ప్రతినిధికి ఉత్తరం రాశారు? 2025 నవంబరులో బాల్టిమోర్‌లో సమావేశమైన బిషప్పులు వలసదారుల సామూహిక బహిష్కరణకు వ్యతిరేకంగా ప్రత్యేక సందేశం వెలువరించినప్పుడు, ఓటేసిన పార్టీ పక్షాన నిలబడి బిషప్పులనే తప్పుపట్టిన కతోలికులు కనపడ్డారు. వాళ్ళు అంతకు ఏడాది ముందు చెడుల్లో చిన్నదాన్ని ఎంచుకున్నవాళ్ళే. ఎంచుకున్నది చెడేనన్న సంగతే మరిచారు.

కాబట్టి అమెరికాలో ఉన్న మన పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇది. ఎవరికి వేశావో నాకు చెప్పనక్కర్లేదు. నువ్వు వేసినవాడు చేస్తున్న తప్పేమిటో మాత్రం నీ స్నేహితుల ముందు, ముఖ్యంగా అతని మద్దతుదారుల ముందు, పేరుపెట్టి చెప్పగలవా? యజమాని గుడ్లురుముతున్నా చెప్పగలవా? చెప్పగలిగినన్నాళ్ళు నీ కారణం బరువైనదేనని నమ్మవచ్చు.

మన సంగతికొస్తే, ఎవరూ నచ్చనివాడి కోసం మీట ఉంది. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. అంతకుముందు 49-ఓ నిబంధన ఉండేది. ఎవరికీ వేయనని ప్రిసైడింగ్ ఆఫీసరుకు చెబితే ఆయన రిజిస్టరులో రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకునేవారు, గోప్యత ఉండేది కాదు. ఎవరైనా అడిగితే చెప్పాలని మాస్టారు ఆ నిబంధన చదువుకుని వెళ్ళేవారట. ఒక్కరూ అడగలేదట. నోటాలో గోప్యత ఉంది, బలం లేదు. 2024లో ఇందౌర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్నాక నోటాకు 2,18,674 ఓట్లు వచ్చి రెండో స్థానంలో నిలిచింది. ఫలితం మీద దాని ప్రభావమేమీ లేదు. రేపు నోటాకే ఎక్కువ వచ్చినా, మిగిలినవాళ్ళలో మొదటివాడే గెలుస్తాడు. (నిర్వాహకులు క్షమించాలి, ఒక పార్టీ పేరు దొర్లింది. ఇందౌర్ మనది కాదు కదా.)

పల్లెల్లో మనస్సాక్షిని నిజంగా తొలిచే ప్రశ్న మాత్రం నోటా కాదు. డబ్బు తీసుకున్నాం, దేవుడి మీద ప్రమాణం చేయించుకున్నారు, ఇప్పుడు వేరేవాళ్ళకు వేస్తే పాపమా? మాస్టారి దగ్గరికి ఇది ప్రతి ఎన్నికకూ వచ్చేదని విన్నాను. పునీత థామస్ అక్వినాస్ దీనికి ఏడొందల యాభై ఏళ్ళ క్రితమే జవాబిచ్చాడు. పాపం చేస్తానని చేసిన ప్రమాణం కట్టిపడేయదు. ఇక డబ్బు సంగతి. ఇవ్వడమే చట్టవిరుద్ధమైన చోట ఇచ్చినవాడు దాన్ని పోగొట్టుకోవలసిందే, కాబట్టి తిరిగి ఇవ్వనక్కర్లేదు. పుచ్చుకున్నవాడు ఉంచుకోనూ కూడదు, దానధర్మానికి వాడాలి. ప్రమాణం గురించిన జవాబు వినగానే అందరి మొహాలూ వెలిగేవట. డబ్బు దగ్గరికి వచ్చేసరికి చర్చ ఆగిపోయేదట.

చివరగా, ఎవరూ నచ్చడం లేదంటున్నాం గాని జాబితాలోకి ఎవరు రాగలరు అని కూడా అడగాలి కదా. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175కు 29, తెలంగాణలో 119కి 19 షెడ్యూల్డు కులాల స్థానాలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన విచారణల్లో ఎక్కువమంది దళితులు. వాళ్ళలో ఒకడు విశ్వాసం దాచకుండా ఆ 48 స్థానాల్లో దేనికీ నామినేషన్ వేయలేడు. అందుకే జ్ఞానస్నాన రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు. ఉపదేశిగానూ హెడ్మాస్టరుగానూ ఆ రెండు రిజిస్టర్లూ మాస్టారి చేతుల మీదుగానే నడిచాయి. మనస్సాక్షి మీద ఆయన ఎందుకంత జాగ్రత్తగా మాట్లాడేవారో నాకు అక్కడ అర్థమైంది.

దీని మీద వేసిన పిటిషన్లు 2004 నుంచి సుప్రీంకోర్టులో నడుస్తున్నాయి. మతంతో ముడి తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం మరో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అనుకూలంగా తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఎన్నికలు దగ్గరపడితే అన్ని పార్టీల అభ్యర్థులూ పూజ అయ్యే సమయానికి గుడి ముందు కారు దిగుతారు. ఫాదర్‌గారి ఆశీర్వాదం తీసుకుని, కేకు కోసి, ఫోటో దిగి వెళతారు. ఈసారి ఫోటోకు ముందు ఎవరైనా విచారణ పెద్ద లేచి మూడో పేరా మీద మీ పార్టీ పార్లమెంటులో ఏం మాట్లాడిందని అడగాలి. జవాబు నోటీసు బోర్డు మీద రాసిపెట్టాలి. అతనే గెలిస్తే ఏడాది తర్వాత మళ్ళీ పిలిచి అదే ప్రశ్న వేయాలి, అతనికి ఓటేసినవాళ్ళే వేయాలి.